మౌంట్ కలిసినవాళ్లు

మా ఇంటి నుంచి సంతోష్‌నగర్ వైపు వెళ్లే దారిలో కెమెరా మెడలో వేసుకుని నడవకూడదు. ఈ సంగతి నా చేతికి కెమెరా రాకముందే నాకు తెలుసు. కంచన్‌బాగ్‌లో పెరిగిన పిల్లలందరికీ తెలుసు. పొడవాటి ప్రహరీలు, వాటి మీద ముళ్లతీగ, అక్కడక్కడా ఫొటోలు తీయరాదన్న బోర్డులు. గోడల వెనక డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, భారత్ డైనమిక్స్, మిధాని. పేరులో బంగారమూ తోటా రెండూ ఉన్న మా పేటలో పుట్టేవి క్షిపణులూ, వాటికి కావలసిన గట్టి లోహాలూ. మిధాని చౌరస్తా నుంచి ఒవైసీ ఆసుపత్రి చౌరస్తా మీదుగా వేసిన ఫ్లైఓవర్‌కు 2021 డిసెంబరులో అబ్దుల్ కలాం పేరు పెట్టారు. 1982లో ఆయన డీఆర్‌డీఎల్‌కు డైరెక్టరుగా వచ్చినప్పటి రోజులను మా పేట పెద్దవాళ్లు ఇప్పటికీ తలచుకుంటారు. అలాంటి చోట ఫొటోలు తీసి బతికేవాణ్ని నేను. చాంద్రాయణగుట్ట దాటాకనో, చంపాపేట చేరాకనో బ్యాగు జిప్పు తీస్తాను.

మా నాన్న మిధానిలో చేసి రిటైరయ్యాడు. ఆయన దగ్గర నేను చిన్నప్పుడే విన్న మాట హీట్ నంబరు. కరిగించి పోసిన ప్రతి విడత లోహానికీ ఒక నంబరు ఉంటుంది. అందులోంచి ముక్క కోసి లాగి చూస్తారు, విరిచి చూస్తారు, లోపల పగులుందేమోనని అల్ట్రాసోనిక్ పరీక్ష పెడతారు. ఎన్నేళ్లకు ఎక్కడ ఏ భాగం విరిగినా ఆ నంబరు పట్టుకుని వెనక్కి వెళితే అది ఏ రోజు ఏ కొలిమిలో పుట్టిందో తేలాలి. ఇంట్లోకి మిక్సీ కొన్నా, స్కూటర్ కొన్నా నాన్న ఒకటే అడిగేవాడు. “మంచిదని ఎవ్వడన్నా అంటడు. ఎన్నిసార్లు చూసినవ్? ఎట్ల చూసినవ్? గది చెప్పు.”

నేనూ మా చెల్లెలూ కలిసి పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాం. పోయిన ఏడాది మేమిద్దరం ఒక కెమెరా కంపెనీని వదిలి ఇంకో కంపెనీకి మారాం. ఈ మాట మా వృత్తి బయటివాళ్లకు చెబితే ఫోన్ మార్చినట్టు వింటారు. ఫోన్ మారిస్తే పాత ఫోన్‌లోని నంబర్లు కొత్తదానిలోకి వస్తాయి. కెమెరా మారిస్తే లెన్స్‌లు రావు, ఫ్లాష్‌లు రావు, బ్యాటరీలు రావు, పన్నెండేళ్లుగా ఏ మీట ఎక్కడుందో వేళ్లకు పట్టిన అలవాటూ రాదు. కంపెనీల పేర్లు ఇక్కడ రాయడం లేదు. పేరు వినగానే మావాళ్లు రెండు పక్షాలవుతారు, చెప్పదలచుకున్నది పక్కకు పోతుంది.

చంపాపేటలో ఒక పెళ్లి. పెళ్లికూతురి నాయనమ్మ దేవరకొండ దగ్గరి పల్లె నుంచి వచ్చింది. ఏళ్ల తరబడి ఊరు దాటని మనిషి. మనవరాలి మీద అక్షింతలు వేయడానికి ఇద్దరు పట్టుకుని తెస్తే మండపం మెట్లెక్కింది. వణికే చెయ్యి పైకి లేచింది, గుప్పిట విడింది. నేను 85 మి.మీ. లెన్స్‌ను 1.4 అపర్చరు దగ్గర తెరిచి మూడు ఫ్రేములు తీశాను. కెమెరా వెనక బుల్లి తెర మీద చూసుకుంటే బాగానే ఉన్నాయి. నాలుగు నెలల తర్వాత ఆమె మనవడు ఫోన్ చేశాడు. “అన్నా, మా నాయనమ్మ ఫొటో ఒకటి పెద్దగ చేసియ్యాలె.” ఎందుకో చెప్పలేదు, నేనడగలేదు. పెద్ద తెర మీద తెరిచి చూస్తే వేళ్ల కొసలూ, గాలిలో ఉన్న పసుపు బియ్యమూ గింజ గింజ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. ఆమె కళ్లు మాత్రం పొగమంచు వెనక ఉన్నట్టు ఉన్నాయి. మూడింటిలోనూ అంతే. చివరికి గ్రూప్ ఫొటోలోంచి ఆమె ముఖాన్ని కోసి పెద్దది చేసి ఇచ్చాను. “మంచిగనే ఉందన్నా” అన్నాడు పిల్లవాడు. వాడి దగ్గర డబ్బులు తీసుకోలేకపోయాను. ఆ రాత్రి మొదలైంది కెమెరా మార్చాలన్న ఆలోచన.

నాన్నకు చెప్పాను. కొత్తది కొంటానంటే ఆయన విననే లేదు. “ముందుగాల పాతది ఏం తప్పు చేసిందో తేల్చు” అన్నాడు. అన్నం తినే బల్ల మీద స్టీలు స్కేలును ఏటవాలుగా ఆనించాడు. పక్కన నిటారుగా ఒక అట్ట, దాని మీద నల్ల గీత. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టించి ఆ గీత మీద ఫోకస్ చేయమన్నాడు. అయిదు దూరాలు, ఒక్కో దూరానికి పది ఫ్రేములు, ప్రతి ఫ్రేముకూ ముందు లెన్స్‌ను కావాలని దూరానికి తిప్పి మళ్లీ ఫోకస్ చేయాలి. తెల్ల లైటులో ఒకసారి, పసుపు బల్బు కింద ఒకసారి. పొడుగు నోటుబుక్కులో ఆయనే రాసుకున్నాడు. మూడు రోజులు పట్టింది. మూడు మీటర్ల దగ్గర అంతా సవ్యంగా ఉంది. ఒకటిన్నర మీటరు దగ్గర ఫోకస్ ఒక సెంటీమీటరు ముందుకు పడుతోంది. పసుపు వెలుగులో ఇంకాస్త ముందుకు.

అద్దం ఉన్న కెమెరాల్లో ఆటోఫోకస్ జరిగే తీరు తెలిస్తే ఇందులో వింత లేదు. లెన్స్‌లోంచి వచ్చిన వెలుగు అద్దం మీద పడి పైకి, మన కంటికి వెళుతుంది. ఆ అద్దం మధ్యభాగం కొంత వెలుగును తనలోంచి పోనిస్తుంది. దాని వెనక ఇంకో చిన్న అద్దం ఆ వెలుగును కెమెరా అడుగున ఉన్న ఫోకస్ యూనిట్‌కు పంపుతుంది. లెన్స్ రెండు అంచుల నుంచి వచ్చిన రెండు బొమ్మలను ఆ యూనిట్ పోల్చి, అవి ఎంత ఎడంగా ఉన్నాయో చూసి, లెన్స్ ఎటు ఎంత తిరగాలో లెక్క కడుతుంది. దీన్నే ఫేజ్ డిటెక్షన్ అంటారు. గొప్ప ఆలోచన, చాలా వేగం. కానీ కొలిచే చోటు ఒకటి, బొమ్మ పడే చోటు ఇంకొకటి. ఆ రెండు దారుల పొడవు ఒక్కటిగా ఉన్నంతవరకే ఆ లెక్క నిజం. చిన్న అద్దం వెంట్రుకవాసి కదిలినా, వెలుగు రంగు మారినా తేడా వస్తుంది. సరిదిద్దుకోవడానికి మెనూలో ఒక సవరణ ఉంటుంది గానీ, నా కెమెరాలో ఒక్కో లెన్స్‌కు ఒక్క అంకెకే చోటుంది. ఒకటిన్నర మీటరుకు సరిచేస్తే మూడు మీటర్ల దగ్గర చెడుతుంది.

రెండు మీటర్ల దూరంలో నిలబడి 85 మి.మీ. లెన్స్‌ను 1.4 దగ్గర తెరిస్తే స్పష్టంగా ఉండే లోతు నాలుగైదు సెంటీమీటర్లే. ముక్కు కొస నుంచి చెవి దాకా కూడా చాలదు. దానికి తోడు నా పాత కెమెరాలో ఫోకస్ చుక్కలన్నీ ఫ్రేము నడుమన గుంపుగా ఉండేవి. మనిషి ముఖం ఓ పక్కన కావాలంటే నడుమ చుక్కతో ఫోకస్ పట్టి, ఆపైన కెమెరాను జరిపి నొక్కడమే. ఆ జరపడంలో ఇంకో సెంటీమీటరు పోయేది. నాయనమ్మ ఫొటోలో పోయింది కొంత అద్దం లెక్క, కొంత నా జరుపుడు, కొంత మండపం మీది పసుపు వెలుగు. నోటుబుక్కు మూసి నాన్న అన్నాడు, “మిషన్‌ది సగం, నీది సగం. ఇగ కొనుక్కో.”

కొత్త తరం కెమెరాలో అద్దమే లేదు. బొమ్మ పడే సెన్సరు మీదే ఫోకస్ కొలిచే పిక్సెళ్లు ఉంటాయి. కొలిచేదీ చూసేదీ ఒకే చోటు కావడంతో ముందుకు పడటం, వెనక్కి పడటం అన్న రోగం దాదాపు పోయింది. చుక్కలు ఫ్రేము అంచుల దాకా పరుచుకున్నాయి. మనిషి కన్నును అదే వెతికి పట్టుకుంటుంది. 2013లో కానన్ 70డి కెమెరాలో సెన్సరులోని ఒక్కో పిక్సెల్‌ను రెండుగా చీల్చి ఫోకస్‌కు వాడినప్పుడు మా పెళ్లిళ్లవాళ్లం అది వీడియోవాళ్ల సంగతి అనుకున్నాం. అదే ఏడాది సోనీ ఎ7 వచ్చింది. 2018 ఆగస్టులో నికాన్, సెప్టెంబరులో కానన్ అద్దం లేని ఫుల్ ఫ్రేమ్ కెమెరాలు, వాటికి కొత్త మౌంట్లు తెచ్చాక ఇక ఎవరూ అలా అనుకోలేదు.

మౌంట్ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. బాడీకీ లెన్స్‌కూ మధ్య ఉండే లోహపు ఉంగరం అది. చూడటానికి ఇంతే. దాని వ్యాసం ఎంత, దాని నుంచి సెన్సరు దాకా దూరం ఎంత, ఏ మెట్టు దగ్గర లెన్స్ బిగుసుకుంటుంది అన్న కొలతల మీద మొత్తం కాపురం నడుస్తుంది. నాకది వియ్యంలా కనిపిస్తుంది. ఒకసారి కలుపుకున్నాక ఆ ఇంటి మంచిచెడ్డలన్నీ మనవే.

నికాన్ 1959లో ఎఫ్ మౌంట్ పెట్టింది. ఆటోఫోకస్ వచ్చినా, డిజిటల్ వచ్చినా ఆ ఉంగరాన్ని వదల్లేదు. తాత కొన్న లెన్స్ మనవడి కెమెరాకు ఎక్కాలన్నది ఆ పట్టుదల. కానన్ ఇంకో దారి పట్టింది. 1985లో మినోల్టా 7000 వచ్చి ఆటోఫోకస్‌ను అందరి చేతికీ తెచ్చిన తర్వాత, 1987లో కానన్ తన పాత ఎఫ్‌డి మౌంట్‌ను ఆపేసి ఈఎఫ్ మౌంట్‌తో కొత్తగా మొదలుపెట్టింది. లోపల మీటలు లేవు, అన్నీ విద్యుత్ తాకిళ్లే, ప్రతి లెన్స్‌లోనూ సొంత మోటారు. లెన్స్‌లు పోగేసుకున్నవాళ్లకు అది పెద్ద దెబ్బ. ఆ తర్వాతి ముప్ఫై ఏళ్లు కానన్‌ను నిలబెట్టిందీ ఆ తెంపే. మినోల్టా సంగతి వేరు. కోనికాతో కలిసి, చివరికి 2006లో కెమెరా వ్యాపారాన్ని సోనీకి ఇచ్చేసింది. లెన్స్‌లు వేరే ఇంటి పేరు పెట్టుకుని బతికాయి. 2010లో శామ్‌సంగ్ ఎన్‌ఎక్స్ అనే మౌంట్‌తో వచ్చి, కొన్నేళ్లకే సద్దు లేకుండా వెళ్లిపోయింది. ఆ లెన్స్‌లు కొన్నవాళ్లను తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. గాజు చెడలేదు, మోటారు చెడలేదు, వాటిని బిగించుకోవడానికి కొత్త బాడీ మాత్రం ఇక రాదు.

అందుకే మారేముందు నేను చూసిన మొదటి సంగతి ఆటోఫోకస్ కాదు, తలుపు. తమ మౌంట్‌కు బయటి కంపెనీలు లెన్స్‌లు చేయడానికి ఎవరు ఎంత తలుపు తీశారు? సోనీ 2011లోనే తన ఈ-మౌంట్ మూల వివరాలను ఇతర లెన్స్ కంపెనీలకు రుసుము లేకుండా ఇచ్చింది. కానన్ ఆర్‌ఎఫ్ మౌంట్‌కు సిగ్మా, టామ్రాన్ ఆటోఫోకస్ లెన్స్‌లు అనుమతితో వస్తున్నాయని ప్రకటన వెలువడింది 2024లో, అవీ చిన్న సెన్సరు కెమెరాలకు. తలుపు ఎంత తెరుచుకుంటే మాలాంటివాళ్లకు అంత మేలు. కంపెనీ సొంత 24-70 లెన్స్ ధరతో బయటి కంపెనీ లెన్స్‌లు రెండు వస్తాయి. పెళ్లిళ్ల మీద బతికేవాడికి ఆ రెండో లెన్సే ధైర్యం.

పాత లెన్స్‌ను కొత్త బాడీకి అడాప్టర్‌తో కలపవచ్చు కదా అంటారు. కలపవచ్చు. అద్దం తీసేశాక మౌంట్ నుంచి సెన్సరుకు దూరం తగ్గింది. నికాన్ ఎఫ్‌లో 46.5 మి.మీ. ఉన్నది జెడ్‌లో 16 మి.మీ. అయింది. మధ్యలో మిగిలిన ఖాళీని ఒక గొట్టం నింపుతుంది. కానీ ఒక కాలంలో ఫోకస్ మోటారు బాడీలో ఉండి, చిన్న స్క్రూ తిప్పి లెన్స్‌ను నడిపేది. ఆ తరం లెన్స్‌లకు నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో మోటారు లేదు. దానితో అవి కొత్త బాడీ మీద చేత్తో తిప్పుకునేవిగానే మిగులుతాయి. తలంబ్రాల వేళ చేత్తో తిప్పుకుంటూ కూర్చునే తీరిక ఎవరికుంటుంది?

ఈ లెక్కలన్నీ నేను వేసుకుంటుంటే మా చెల్లెలు ఒక్క మాట అంది. “నీది నువ్వు మారుస్తవ్ అన్నయ్యా, నా సంగతేంది? ఇద్దరం ఒకటే లెన్స్‌లు వాడుతం.”

నేను సగమే ఆలోచించానని అప్పుడు తెలిసింది. పాతబస్తీ పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపు నాకు ప్రవేశం ఉండదు. పరదా అవతల ఏం జరిగినా చూసేది మా చెల్లెలే. ఈ ఊళ్లో అది కొత్త సంగతీ కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫొటోగ్రాఫరైన రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే స్త్రీల కోసం స్త్రీయే నడిపే స్టూడియో. కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల వనిత దాన్ని చూసుకునేది. దీన్‌దయాళ్ తరం కూడా పెద్ద మార్పునే చూసింది. అంతకుముందు గాజు పలకకు మందు పూసి, తడి ఆరేలోపే ఫొటో తీసి, అప్పటికప్పుడు కడగాలి. ఎక్కడికి వెళ్లినా చీకటి గుడారం వెంట ఉండాల్సిందే. 1871లో మాడాక్స్ అనే ఆంగ్ల వైద్యుడు జెలటిన్ పలకల సంగతి ప్రకటించాక ఆ తడి బాధ మెల్లగా తీరింది. మన ఎండల్లో మందు ఆరకముందే పరుగెత్తిన చేతులకు ఎండు పలక ఎంత ఊరటనిచ్చి ఉంటుందో ఊహించగలను. ఆయన గాజు నెగెటివ్‌లు రెండు వేల ఎనిమిది వందలకు పైగా ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆ పలకలను కడిగిన మనిషి ఎవరో, ఆ గుడారం మోసిందెవరో మనకు తెలియదు. నూట ముప్ఫై ఏళ్ల తర్వాత బొమ్మలు నిలిచి ఉన్నాయి. నమ్మకమైన పని అని నేను దేన్నంటానో దానికి ఆ పలకలు కొలత.

అద్దెకు ఒక కొత్త బాడీ, రెండు లెన్స్‌లు తెచ్చుకున్నాం. మొదటి పరీక్ష హఫీజ్ బాబా నగర్‌లో ఒక నిఖా. పెళ్లికొడుకు నుదుటి నుంచి సెహ్రా వేలాడుతోంది, మల్లెలూ గులాబీలూ తీగలు తీగలుగా. ముఖం కనిపించీ కనిపించకుండా ఉంది. పాత కెమెరా ఇలాంటి చోట ఎప్పుడూ ముందున్న పూలనే పట్టేది, నేను చేత్తో తిప్పి కళ్లను వెతుక్కునేవాణ్ని. కొత్తది తీగల సందున కన్ను కనిపించిన క్షణంలో పట్టింది, పూలు అడ్డొస్తే వదిలింది, మళ్లీ పట్టింది. పదిలో ఏడు ఫ్రేములు కన్ను మీదే ఉన్నాయి. బరాత్‌లో బార్కస్ కుర్రాళ్లు మర్ఫా దరువు వేస్తుంటే, దీపాల గొడుగుల మధ్య ఎగిరే ముఖాల వెంట పడింది. నాకు ఒళ్లు పులకరించింది. ఆ రాత్రికే కొనేద్దామనుకున్నాను.

రెండో పరీక్ష తెలుగు పెళ్లి. తలంబ్రాలు మొదలయ్యాయి. బియ్యం గాలిలోకి లేవగానే కెమెరా వధువు కన్ను మీది చతురస్రాన్ని వెనక నిలబడి నవ్వుతున్న మేనత్త మీదికి మార్చింది. మార్చి, పచ్చగా వెలిగింది, అంతా బాగుందన్నట్టు. అయిదు ఫ్రేములు మేనత్తవి. ఆమె చాలా బాగా వచ్చింది.

మా పై వాటాలో ఒక సారు ఉంటారు. ల్యాబులో చేసి రిటైరైన ఇంజినీరు. పని సంగతులు ఎప్పుడూ ఎత్తరు. తలంబ్రాల కథ చెబితే విని, పేపర్లలో వచ్చిన నాగ్ క్షిపణి మాట తెచ్చారు. వేడి బొమ్మను చూసి, వదలకముందే గురిని పట్టుకుని, ఆపైన తనంతట తనే వెంటపడే రకం అది. 1983లో మొదలైన క్షిపణి కార్యక్రమంలో అయిదింటిలో ఒకటి. “పట్టుకున్నది వదలకపోవడం ఒక విద్య. పట్టుకున్నది సరైనదేనా అన్నది ఇంకో విద్య. రెండోదానికి మనిషి కావాలి నాయనా” అన్నారు. మర్నాడు మాన్యువల్ అంతా చదివాను. ట్రాకింగ్ ఎంత త్వరగా గురి మారాలో చెప్పే సెట్టింగు ఒకటుంది. దాన్ని నెమ్మది చేసి, కన్ను వెతకడాన్ని ఒక బొటనవేలి మీటకు పరిమితం చేశాను. తలంబ్రాలప్పుడు ఆ మీట వదిలేసి, చిన్న పెట్టెను వధువు నుదుటి మీద నేనే పెడతాను. ఇప్పుడు బియ్యం వచ్చినా నా పెట్టె కదలదు.

మా చెల్లెలికి నచ్చింది వేరే. చప్పుడు లేకపోవడం. ఆడవాళ్ల వైపు, వీడ్కోలు వేళ, తల్లీకూతుళ్లు ఒకరినొకరు పట్టుకున్నప్పుడు అద్దం టకటకలాడితే వాళ్లు తలెత్తి చూస్తారు, ఆ క్షణం చెదిరిపోతుంది. కొత్తది ఊపిరి పీల్చుకున్నంత మెల్లగా పనిచేస్తుంది. కానీ మొదటి రాత్రే ఫొటోల మీద అడ్డంగా చారలు వచ్చాయి. కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకు 100 సార్లు ఆరి వెలుగుతాయి. చప్పుడు లేని షట్టరు సెన్సరును వరస వరసగా చదువుతుంది, కొన్ని వరసలకు వెలుగు, కొన్నింటికి చీకటి. ఎల్‌ఈడీ గోడలుంటే ఇంకా అన్యాయం. హాలులోకి అడుగుపెట్టగానే ఒక ఫ్రేము తీసి చారలు చూసుకోవడం, ఉంటే మామూలు షట్టరుకు మారడం ఇప్పుడు ఆమె అలవాటు. ఇంకో బాధ దుమ్ము. లెన్స్ తీస్తే సెన్సరు నేరుగా గాలికి ఎదురవుతుంది. లాల్ దర్వాజా బోనాల రోజు వీధిలో పసుపూ కుంకుమా ఎగురుతుంటే లెన్స్ మార్చడం మానేశాం. రెండు బాడీలకు రెండు లెన్స్‌లు తగిలించుకుని వెళ్తాం.

నమ్మకం గురించి నాన్న లెక్క ఇంకా మిగిలే ఉంది. కెమెరా షట్టరు ఇన్నిసార్లు పనిచేస్తుందని కంపెనీలు ఒక అంకె చెబుతాయి, 1,50,000 అని, 2,00,000 అని. పెళ్లికి 2,500 చొప్పున నొక్కితే 1,50,000 అంటే 60 పెళ్లిళ్లు. అది గ్యారంటీ కాదు, అంచనా. నా పాత బాడీ అంతకంటే చాలా ముందే ఒకసారి జీలకర్ర బెల్లం వేళ ఆగిపోయింది. పురోహితుడు గడియారం చూసుకుంటున్నాడు, ముహూర్తం నా కోసం ఆగదు. ఆ రోజు కాపాడింది ఏ కంపెనీ కాదు. వీడియో తీస్తున్న భాయ్ తన మెడలోని రెండో బాడీ తీసి నా చేతిలో పెట్టాడు. “లేలో భాయ్, మౌంట్ ఏక్‌హీ హై.” నా లెన్స్ దానికి తగిలించాను. వధూవరుల చేతులు ఒకరి తల మీద ఒకరివి పడేసరికి నేను సిద్ధంగా ఉన్నాను.

కంపెనీ మారడంలో నన్ను ఎక్కువగా వెనక్కి లాగింది ఈ భాయే. పన్నెండేళ్లలో మా ఇద్దరి మధ్య ఎన్ని బ్యాటరీలు, ఎన్ని కార్డులు, ఎన్ని 70-200లు చేతులు మారాయో లెక్కలేదు. సైదాబాద్‌లో ఒక తమ్ముడు, మలక్‌పేటలో ఒక అన్న, చాంద్రాయణగుట్టలో ఇంకో ఇద్దరు, అందరిదీ ఒకే ఉంగరం. రాత్రి పదింటికి ఫోన్ చేస్తే పొద్దున ఆరింటికి లెన్స్ ఇంటికొచ్చేది. పోలికల పట్టికల్లో పిక్సెళ్లుంటాయి, సెకనుకు ఎన్ని ఫ్రేములో ఉంటుంది. ఈ పదిమంది ఎందులోనూ ఉండరు. ఆ ఉంగరం వదిలితే నేను వీళ్ల దగ్గర చెయ్యి చాపలేను, వీళ్లు నా దగ్గర చాపలేరు.

భాయ్‌తోనే మాట్లాడాను. ఆయన అప్పటికే వీడియో కోసం కొత్త కంపెనీ వైపు చూస్తున్నాడట, నేనేమనుకుంటానోనని చెప్పలేదట. ఇద్దరం ఇరానీ హోటల్లో కూర్చుని కాగితం మీద రాసుకున్నాం. రెండు కార్డులు పట్టే బాడీలే కొనాలి, ప్రతి ఫ్రేమూ రెండింటిలో పడాలి. ముందు బాడీలు, 35, 85. జూమ్‌లు సీజన్ తర్వాత. ఆయన 24-70 కొంటే నేను 70-200. మనిషికి నాలుగు బ్యాటరీలు, కొత్తవి తొందరగా అయిపోతాయి. మొదటి ఆరు నెలలు పాత బాడీ ఒకటి బ్యాగులో ఉండి తీరాలి.

పాతవి అమ్మడానికి కోఠీ వెళ్లాను. కంచన్‌బాగ్ నుంచి సైదాబాద్, మలక్‌పేట, చాదర్‌ఘాట్ వంతెన మీదుగా దారి పొడుగునా లెన్స్‌ల బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దుకాణదారు ఒక్కో లెన్స్‌ను లైటు వైపు ఎత్తి, ఫంగస్ కోసం చూశాడు. వానాకాలాల్లో సిలికా జెల్ పొట్లాలు మార్చి మార్చి కాపాడుకున్న గాజు అది, ఎక్కడా మచ్చ లేదు. “బాగ చూసుకున్నరు సార్” అన్నాడు. ఆ మాట ధరలో కనిపించలేదు, అయినా విన్నందుకు సంతోషమేసింది. జూమ్‌లు రెండూ, ఒక బాడీ, ఫ్లాష్‌లు ఇచ్చేశాను. 85 ఇవ్వలేదు. నాయనమ్మ చేతివేళ్లను అంత స్పష్టంగా చూసిన లెన్స్ అది.

మొన్న మాఘమాసంలో సంతోష్‌నగర్‌లో పెళ్లి. మేం పెళ్లికూతురి వైపువాళ్లం. పెళ్లికొడుకు వైపు నుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్ ఇరవై ఏళ్ల కుర్రాడు, ఒంటరిగా వచ్చాడు. మధుపర్కాలు కట్టుకుని వధూవరులు పీటల మీద కూర్చున్నారు. కుర్రాడు కెమెరాను పదేపదే ఆన్ చేస్తున్నాడు, బ్యాటరీ తీసి పెడుతున్నాడు, చొక్కాకు తుడుస్తున్నాడు. వాడి ముఖంలో చెమట చూస్తే నాకు విషయం అర్థమైంది. నా దగ్గరికి వచ్చి చెవిలో అడిగాడు. “అన్నా, మీది ఏ మౌంట్?”

చెప్పాను. వాడి ముఖం వాడిపోయింది. వాడిది నా పాత ఇల్లు.

నేను నోరు తెరిచేలోపే చెల్లెలు స్తంభం పక్కన పెట్టిన బ్యాగు దగ్గరికి నడిచింది. ఆరు నెలలు ఎప్పుడో దాటిపోయాయి, బ్యాగులోంచి పాత బాడీని తీయడం నాకు చేతకాలేదు. దాని బ్యాటరీని ప్రతి పెళ్లి ముందూ చార్జింగ్‌లో పెడుతున్నది తనేనని అప్పుడే నాకు తెలిసింది. బాడీ తీసి వాడి చేతిలో పెట్టి, “85 కూడా ఉంది తమ్ముడూ, దగ్గరగ తీసేటప్పుడు కొంచెం ముందుకు పడ్తది, 2.8కి మూసుకో” అంది.

వాడు మండపం అవతలి పక్కకు పరుగెత్తాడు. మేళం జోరందుకుంది. ఆ హోరులోనూ, చప్పుడు లేని నా కెమెరా వెనక నుంచి, ఎదురుగా పాత అద్దం టక్ టక్ మని లేచి పడటం నాకు వినిపిస్తూనే ఉంది.